కొర్రింకడు మొంజిని ఎక్కడ తుల్చాడు?

ఎడిటర్ గారికి నమస్కారం.

సర్వే ఫలితాలు వచ్చిన ప్రతిసారీ "పిల్లలకు పేరా చదివి అర్థం చేసుకోవడం రావట్లేదు" అని పేపర్లో వార్త పడుతుంది, కింద పర్సంటేజీలు, ఆ తర్వాత చుట్టుపక్కల బడుల టీచర్లందరినీ కూర్చోబెట్టే కాంప్లెక్స్ మీటింగ్‌లో మాకు అక్షింతలు. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. పిల్లలందరికీ చదవడం బ్రహ్మాండంగా వచ్చని నేననను, రానివాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఆ పర్సంటేజీ తేల్చిన ప్రశ్నపత్రం ఎలాంటిది, దాన్ని ముందు ఎవరైనా పరీక్షించి చూశారా అని ఒక్కరూ అడగరు.

ఇది చదవండి: "కొర్రింకడు దబిలెలో మొంజిని తుల్చాడు." ఇప్పుడు ప్రశ్న. కొర్రింకడు మొంజిని ఎక్కడ తుల్చాడు? దబిలెలో. ఫుల్ మార్కులు! ఆ మాటలు రాత్రి కూర్చుని నేను కల్పించినవి, వాటికి అర్థమే లేదు. మన భాషలో విభక్తి మాటకే అతుక్కుని ఉంటుంది కాబట్టి "ఎక్కడ" అని కనపడగానే చివర "లో" ఉన్న మాట వెతికి దింపేయడం మా పిల్లలకు వెన్నతో పెట్టిన విద్య, పేరా కింద మనం ఇచ్చే ప్రశ్నలు చాలావరకు ఇలాంటివే.

ఇంకో తమాషా. సంక్రాంతి మీద పేరా ఉన్న పాత పేపరొకటి తీసుకుని, పేరా కత్తిరించేసి, ప్రశ్నలు మాత్రం ఎనిమిదో తరగతికి ఇచ్చాను. భోగి మంటలు ఎప్పుడు వేస్తారు, హరిదాసు తల మీద ఏముంటుంది, ఇలాంటివి. సగం మందికి పైగా చదవాల్సింది ఏమీ లేకుండానే పాసైపోయారు. అదే మెట్రో రైలు మీద పేరా ఇస్తే మా ఊరి పిల్లలు తడబడతారు, మెట్రో ఎక్కి ఉంటే కదా! అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 1988లోనే బేస్‌బాల్ ఆట మీద కథ ఇచ్చి చూశారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదువుతూ ఆట తెలియని పిల్లల కంటే కథను బాగా చెప్పారు.

డీఎస్సీ రాసిన వాళ్లమంతా సప్రమాణత, విశ్వసనీయత అని బిట్లు బట్టీ పట్టినవాళ్లమే, ఉద్యోగం రాగానే మర్చిపోయాం. కొలవాలనుకున్నదే కొలుస్తున్నామా అనేది మొదటిది. ఎవరు, ఎప్పుడు కొలిచినా ఇంచుమించు ఒకటే వస్తోందా అనేది రెండోది. ఆ రెండోదాని సంగతి మా స్టాఫ్ రూమ్‌లోనే బయటపడింది. ఒకే కట్ట పేపర్లు నేనూ మా మేడం గారూ విడివిడిగా దిద్దాం, ఒకరి మార్కులు ఒకరం చూసుకోకుండా. ఒక పిల్లాడికి నేను ఐదు వేస్తే ఆవిడ మూడు వేశారు. వాడు ఒత్తు లేకుండా "బోగి" అని రాశాడట. ఒత్తుకు మార్కు కోస్తే వాడి రాతను దిద్దినట్టే గానీ చదివింది అర్థమైందో లేదో ఎలా తెలుస్తుంది? (ఈ విషయంలో మాకు ఇప్పటికీ రాజీ కుదరలేదు.)

పైగా ప్రశ్నలు ఐదే. ఒక్కటి తప్పితే ఇరవై శాతం పోయి పిల్లాడు ఏ గ్రూపు నుంచి బీ గ్రూపులో పడతాడు. ప్రశ్నలు పెంచితే విశ్వసనీయత ఎంత పెరుగుతుందో చెప్పే 1910 నాటి స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం ప్రకారం, ఐదు ప్రశ్నలకు విశ్వసనీయత (పూర్తిగా ఉంటే 1, అసలు లేకపోతే 0) 0.5 ఉంటే, అదే రకం ప్రశ్నలు 20 ఇస్తే 0.8కి చేరుతుంది. దిద్దే పని పెరుగుతుంది, నిజమే, నాకూ ఓపిక లేదు.

గట్టిగా చదివించి నిమిషానికి ఎన్ని పదాలో లెక్కపెట్టడం మరొకటి. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పడానికి కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్‌లో మూడో తరగతికి పెట్టిన లక్ష్యం నిమిషానికి కనీసం 60 పదాలు. "వెళ్లిపోవాలనుకుంటున్నాడు" కూడా మనకు ఒక్క పదమే మరి. తెలుగులో అక్షరాలు పట్టుబడితే చాలు, అర్థం తెలియని పేజీ కూడా గడగడా చదివేయొచ్చు.

మీ పేపర్‌కి నా మనవి ఒకటే. ఈసారి ఫలితాలు వేసేటప్పుడు ఆ పేరా, ఆ ప్రశ్నలు కూడా పక్కనే అచ్చు వేయండి. పేరా మీద చెయ్యి అడ్డం పెట్టి, ముందు ప్రశ్నలకు జవాబులు చెప్పి చూడమని పాఠకులను అడగండి.

ఒక తెలుగు సార్, ఖమ్మం జిల్లా