63 రూపాయల తేడా

చిన్నీ,

నిన్న "ఏం లేదులే అమ్మా" అని ఫోన్ పెట్టేశావు. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆఫీసులో పెట్టిన పర్సనాలిటీ టెస్టులో నీకు ఇంట్రోవర్ట్ అని వచ్చిందని టీమ్ లీడ్ పని వేరే అబ్బాయికిచ్చారన్నావు. ఆ మాట అంటున్నప్పుడు నీ గొంతు వణికింది. ఇలాంటివి ఫోన్‌లో సరిగ్గా చెప్పలేమని రాస్తున్నాను.

నేను బ్యాంకులో చేరిన కొత్తలో కంప్యూటర్లు లేవు. సేవింగ్స్ లెడ్జర్లు బ్యాలెన్స్ చేయడమంటే ప్రతి ఖాతాలోని నిల్వనూ చేత్తో కూడాలి. ఆ మొత్తం జనరల్ లెడ్జర్‌తో, అంటే బ్రాంచి మొత్తం లెక్కల పుస్తకంతో, పైసాతో సహా సరిపోవాలి. ఒకసారి 63 రూపాయలు తేడా వచ్చింది. రాత్రి ఎనిమిదైంది. అకౌంటెంట్ గారు "మళ్లీ మొదట్నించీ కూడండి" అని కేకలేస్తున్నారు. క్యాషియర్ గారు అందరికీ టీ తెప్పించి, చిరాకు పడుతున్నవాళ్లను చల్లబరుస్తున్నారు. మూల సీట్లో ఒక సీనియర్ క్లర్కు గారుండేవారు, రోజు మొత్తంలో పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆయన నన్ను పిలిచి, కాగితం మీద 63ని 9తో భాగించి చూపించారు. "తేడా తొమ్మిదితో పోయిందంటే అంకెలు తారుమారై ఉండొచ్చమ్మా. కూడికలు వదిలేసి పోస్టింగులు, ఖాతాల్లోకి ఎక్కించిన అంకెలు చూద్దాం" అన్నారు. అరగంటలో దొరికింది. 581కి బదులు 518 అని ఎక్కి ఉంది. ఆ దస్తూరి నాది. ఆయన ఆ అంకె కొట్టేసి, పక్కన సరైనది రాసి, ఇనీషియల్ వేసి, "దొరికిందండీ" అన్నారంతే. ఎవరు రాశారో ఎవరికీ చెప్పలేదు.

ఆయనే ఆఫీసరై, ఊళ్లన్నీ తిరిగి, చాలా ఏళ్లకు మా బ్రాంచికే మేనేజర్‌గా వచ్చారు. అప్పుడూ మాటలు తక్కువే. పొద్దున్నే ఒక్కొక్కరి సీటు దగ్గరికీ వచ్చి "ఇవాళ ఎక్కడ ఆగిపోయిందమ్మా?" అని అడిగి, చెప్పింది పూర్తిగా వినేవారు. నేను పనిచేసిన మేనేజర్లందరిలో మా చేత ఎక్కువ పని చేయించింది ఆయనే.

తర్వాత బ్యాంకు ట్రైనింగ్‌లో ఒక మేడమ్ మెరెడిత్ బెల్బిన్ అనే పరిశోధకుడి గురించి చెప్పారు. 1970లలో ఇంగ్లండ్‌లోని హెన్లీలో మేనేజర్లను జట్లు చేసి వ్యాపారపు ఆట ఆడించి చూశారట. బాగా తెలివైనవాళ్లందరినీ కలిపిన జట్లే చాలాసార్లు వెనకబడ్డాయి. ఒకరి మాటలో ఒకరు తప్పులు వెతకడంతోనే వాళ్లకు సరిపోయేది. జట్టులో కొత్త ఆలోచన చేసేవాళ్లూ, తోసేవాళ్లూ, కలిపేవాళ్లూ, చివరి తప్పు దాకా చూసేవాళ్లూ అందరూ కావాలని ఆయన తేల్చారు. మొదట 8 పాత్రలు చెప్పి తర్వాత 9 చేశారు. ఒక మనిషికి రెండు మూడు పాత్రలు నప్పుతాయన్నారు. అది వింటుంటే నాకు ఆ రాత్రి మా బ్రాంచే కళ్లకు కట్టింది.

స్వభావాన్ని బట్టి కొన్ని పనులు మనకు సులువుగా వస్తాయి, కాదనను. గలగలా మాట్లాడేవాళ్లు ముందు కంటబడతారన్నదీ నిజమే. కానీ ఒక టెస్టు చూసి మనిషికి పని కాదనడం తప్పు. మీ ఆఫీసు చేసింది నాకు నచ్చలేదు. నాలుగు అక్షరాల్లో మనిషిని చెప్పే మయర్స్-బ్రిగ్స్ టెస్టుతో ఉద్యోగానికి మనుషుల్ని ఎంచుకోవద్దని దాన్ని అమ్మేవాళ్లే అంటారు.

ఒక్కటి మాత్రం అమ్మగా చెప్పాలి. అక్క పెళ్లిలో బంధువుల బస్సుల లిస్టు, గదుల తాళాలు అన్నీ నీ దగ్గరే పెట్టుకుని, తమ్ముడు అడిగినా ఇవ్వలేదు. ముహూర్తం వేళకు నువ్వు తాళాల గుత్తితో మెట్లమీదే ఉన్నావు. చివరిదాకా చూసేవాళ్లలో ఈ లోపం ఉంటుందని బెల్బిన్ కూడా చెప్పారు, వేరేవాళ్లకు పని వదలలేరని. ఆ జాగ్రత్త పోగొట్టుకోకు. కానీ లీడ్ కావాలంటే తాళాలు పంచడం ఇప్పటినుంచే మొదలుపెట్టు.

సోమవారం మీ మేనేజర్‌ని అడుగు: "లీడ్ చేసే పనుల్లో నేను చేయలేనని మీకనిపించేది ఏది?" టెస్టు సంగతి కాదు, పని పేరు చెప్పమను. చెప్తే, ఒక నెల ఆ పని నీకిచ్చి చూడమను. ఏమన్నారో ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి, ఎంత ఆలస్యమైనా మెలకువగానే ఉంటాను.

అమ్మ