ఆ ఒక్క చుక్క

ప్రియమైన శ్రీనూ,

నీ ఉత్తరాలు రెండు వచ్చి నెల దాటినా జవాబు రాయలేకపోయాను, క్షమించు. ఇక్కడ బ్రెజిల్‌లో, బెలో హొరిజోంటెలో గది మారాను, పోర్చుగీసు కాస్త పట్టుబడింది, ఆరోగ్యం బాగుంది. మిగతా కబుర్లు మరోసారి రాస్తాను. నిన్న రాత్రి ప్రయోగశాలలో చూసింది నీకు చెబితే గాని నాకు నిద్ర పట్టేలా లేదు.

రక్తం తాగే పురుగులు మోసుకొచ్చే చాగస్ వ్యాధి, సూది గుచ్చినట్టు వాటి కాటుతోనే సోకుతుందని నువ్వు పట్టుబట్టడం, నీ వాదానికి నేను "సూది సిద్ధాంతం" అని పేరు పెట్టడం గుర్తున్నాయి కదా? నిన్న వ్యాధి సోకని రోడ్నియస్ ప్రోలిక్సస్ అనే ఆ జాతి పిల్ల పురుగును, చివరిదైన ఐదో దశలో ఉన్నదాన్ని, వెచ్చని రక్తం మీద బిగించిన పల్చటి పొరపైకి వదిలాము. చాలా రోజులుగా ఆకలితో ఉన్న ఆ పురుగు అట్టముక్కలా పలచగా ఉంది. తల కింద మడిచి ఉంచిన తొండాన్ని ముందుకు చాచి, కదలకుండా పావుగంట తాగింది. పొట్ట చిన్న ద్రాక్షపండులా ఉబ్బి, చర్మం బిగిసి, లోపలి ఎరుపు బయటికి కనిపించింది. తన బరువుకు ఎన్నో రెట్లు తాగిన రక్తంలోని నీటిని ఎంత త్వరగా వదిలించుకుంటే దానికి అంత మేలు. తొండం వెనక్కి తీసుకున్న కాసేపటికే మొదట ముదురు రంగు చుక్క, ఆ వెనుక తేటనీటి చుక్కలు పడ్డాయి. ఆ మొదటి చుక్కను చూసి నేను గడియారం ఆపాను, శ్రీనూ, నా చేయి వణికింది.

వ్యాధి సోకిన పురుగైతే ఈ వ్యాధిని కలిగించే ట్రిపనోసోమా క్రూజీ అనే పరాన్నజీవి ఉండేది ఆ చుక్కలో, అంటే పురుగు మలంలోనే. కాటు నొప్పి తెలియక నిద్రపోతున్న మనిషి దురద పుట్టి గోకినప్పుడు, లేదా కన్ను నులుముకున్నప్పుడు అది లోపలికి వెళుతుంది. మనిషి ఒంటిమీద ఉండగానే చుక్క వదిలే జాతి ప్రమాదకరం, దూరంగా వెళ్ళాక వదిలేది అంత కాదు. అందుకే మా పనిలో ఆ నిమిషాల లెక్కకు అంత విలువ.

నీ సూది సిద్ధాంతానికి సిగ్గుపడకు. ఈ రాష్ట్రంలోనే, రైలు మార్గం వేస్తున్న లాసాన్స్‌లో, కార్లోస్ చాగస్ అనే వైద్యుడు మొదట పురుగు పేగుల్లో పరాన్నజీవిని చూసి, 1909 ఏప్రిల్ 14న బెరెనీసీ అనే రెండేళ్ల పాప రక్తంలో దాన్ని గుర్తించాడు. రోగి కంటే ముందు పురుగే దొరికిందన్నమాట! అంతటివాడూ వ్యాధి కాటు ద్వారానే సోకుతుందనుకున్నాడు. మలం ద్వారా సోకే దారిని ఎమిల్ బ్రంప్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1912లో చూపించాడు. ఆ పాప డెబ్బై ఏళ్లు దాటి బతికిందని చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

కానీ మట్టిగోడల బీటల్లో ఈ పురుగులతోనే పడుకునే కుటుంబాలు తలపుకొస్తే సంతోషం నిలవదు. ట్రయాటోమా ఇన్‌ఫెస్టాన్స్ అనే మరో జాతి పురుగు ద్వారా వ్యాధి వ్యాపించడం ఆగిందని బ్రెజిల్‌కు 2006లో ధ్రువీకరణ దక్కినా, దక్షిణ అమెరికాలోని గ్రాన్ చాకో మైదానంలో కొన్ని చోట్ల ఆ పురుగు పైరెత్రాయిడ్ అనే పురుగుమందులను తట్టుకుంటోంది. పైగా అడవి జాతులు తాటిజాతి చెట్ల మీదినుంచి ఇళ్ళలోకి వస్తూంటే, ఒక్క మందుతో ఎలా...

పరాన్నజీవి సోకిన పురుగులో ఆ నిమిషాల లెక్క మారుతుందా అన్నది నా తరువాతి ప్రశ్న. దాని గురించి నీకు... కాపలాదారు రెండోసారి వచ్చి దీపం ఆర్పుతానంటున్నాడు. ఇక్కడితో ఆపేస్తున్నాను.

నీ
రవి