ఓడ ఎక్కించే ముందు అమ్మానాన్నల పాస్‌పోర్టు చూడండి

సంపాదక మహాశయులకు నమస్కారం.

ఎండాకాలం దగ్గర పడుతున్నదంటే మా హనుమకొండలో ప్రతి వాడకట్టులోనూ ఒకరిద్దరు అమెరికా ప్రయాణానికి సూట్‌కేసులు తూకం వేసుకుంటూ కనిపిస్తారు. కొడుకు దగ్గరికో బిడ్డ దగ్గరికో వెళ్లి ఐదారు నెలలు ఉండి వచ్చే నాలాంటి విశ్రాంత ఉద్యోగులకు భద్రకాళి బండ్ మీద పొద్దుటి నడకలో ఇదే ముచ్చట. వెనుకట నయాగరా చూసినవా అని అడిగేవారు, ఇప్పుడు క్రూజ్ పోయొచ్చినవా అని అడుగుతున్నారు. ఈ క్రూజ్, అంటే విహార ఓడ ప్రయాణం విషయంలో నిరుడు మా కుటుంబానికి ఎదురైన ఇబ్బంది మరొకరికి ఎదురుకాకూడదనే ఉద్దేశంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. దయచేసి ప్రచురించగలరు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఖజానా శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. బిల్లు వెంట ఒక్క ఓచర్ తక్కువైనా అభ్యంతరం రాసి వెనక్కి పంపడమే నా ఉద్యోగం. అటువంటి నన్ను సియాటెల్ ఓడరేవులో ఒక కాగితం తక్కువైందని వెనక్కి పంపించారు. మా ఇంటావిడ ఇప్పటికీ ఈ మాట ఎత్తి నవ్వుతుంది గాని, ఆనాడు మా ఇద్దరికీ నవ్వు రాలేదు.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా సియాటెల్ దగ్గర ఉంటాడు. మేము వెళ్లిన రెండో నెలలో, మనవడికి బడి సెలవులు ఇవ్వగానే, సియాటెల్ నుంచి అలాస్కాకు వెళ్లి తిరిగి సియాటెల్‌కే చేర్చే ఏడు రోజుల ఓడ ప్రయాణానికి ఐదుగురికీ టికెట్లు తీసుకున్నాడు. అలాస్కా అమెరికాలో భాగమే కదా, 1867లోనే రష్యా దగ్గర కొన్నది కదా, మా దగ్గర పదేళ్ల అమెరికా వీసా ఉన్నది కదా, ఇంకేం కావాలి అనుకున్నాం. వాడి స్నేహితులు కూడా పాస్‌పోర్టు అక్కరలేదు, పుట్టిన తేదీ పత్రం, డ్రైవింగ్ లైసెన్సు చాలునని చెప్పారట. ఆ మాట నిజమే, కాని అది అమెరికా పౌరులకు వర్తించే మాట. చెప్పినవారు పౌరులు. విన్నవాడు ఎవరి కోసం వింటున్నాడో ఆలోచించలేదు.

రేవులో సూట్‌కేసులను ముందే కూలీలు తీసుకుని ఓడలోకి పంపించేశారు. వరుసలో నిలబడి కౌంటర్ దగ్గరికి చేరాం. మనవడిది అమెరికా పాస్‌పోర్టు, కొడుకూ కోడలూ మన పాస్‌పోర్టుతో పాటు అమెరికాలో శాశ్వత నివాసానికి ఇచ్చే గ్రీన్ కార్డు చూపించారు. ముగ్గురివీ నిమిషంలో అయిపోయాయి. మా ఇద్దరి పాస్‌పోర్టులను మాత్రం కౌంటర్‌లోని అమ్మాయి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పింది, మళ్లీ చివరి నుంచి మొదటికి తిప్పింది. ఖాళీ పేజీలను కూడా వేలితో తడిమి చూసింది. ఆ తిప్పడం నాకు బాగా తెలిసిన తిప్పడమే, లేని కాగితం కోసం వెతకడం. చివరికి కెనడా వీసా ఏదని అడిగింది. కౌంటర్ మీద పక్కపక్కన పెట్టిన పాస్‌పోర్టులను చూసి ఎనిమిదేళ్ల మనవడు, "రెండూ నీలమే కదా తాతా, నీది ఎందుకు చెల్లదు?" అన్నాడు.

మీరు ముగ్గురు వెళ్లండి, మేము ఇంట్లో ఉంటామని ఎంత చెప్పినా కోడలు ఒప్పుకోలేదు. "బాపూ, నా తప్పే" అని అబ్బాయి తలవంచుకున్నాడు. లోపలికి వెళ్లిన సూట్‌కేసులను వెతికి బయటికి తేవడానికి రెండు గంటలు పట్టింది. మేము ఇంకా రేవులో బెంచీ మీద కూర్చుని ఉండగానే ఓడ హారన్ మోగింది. రేవు పన్నుల మేరకు కొంత సొమ్ము తిరిగి వచ్చింది గాని టికెట్ల సొమ్ము రాలేదు. సరైన పత్రాలు తెచ్చుకోవడం ప్రయాణికుడి బాధ్యత అని టికెట్‌తో పాటు వచ్చిన పేజీల్లో ఒకచోట రాసే ఉంది. ఇంటికి వచ్చాక చదివాను. అందువల్ల ఆ సంస్థను నిందించడానికి నాకు నోరు రాదు. అయితే టికెట్ కొనేటప్పుడు ప్రతి ప్రయాణికుడి పౌరసత్వం ఏ దేశమని అడిగి నింపించుకున్నవారు, ఈ దేశపు పౌరులకు ఫలానా వీసా కావాలని ఆ తెర మీదే ఒక వాక్యం చూపితే వారి సొమ్మేం పోయేదన్న ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు.

అలాస్కా పోయే ఓడకు కెనడా వీసా ఎందుకో ఆ తరువాత ఓపికగా తెలుసుకున్నాను. 1886లో అమెరికా ఒక చట్టం చేసుకున్నది. తమ దేశపు ఒక రేవు నుంచి మరొక రేవుకు ప్రయాణికులను చేరవేసే హక్కు తమ దేశపు ఓడలకే ఉండాలన్నది దాని సారాంశం. ఇప్పుడు తిరిగే పెద్ద పెద్ద క్రూజ్ ఓడల్లో చాలా వరకు బహామాస్, పనామా, బెర్ముడా వంటి దేశాల్లో నమోదైనవే. అటువంటి ఓడ అమెరికా రేవులో బయలుదేరి అమెరికా రేవులు తిరిగి అక్కడికే రావాలంటే మధ్యలో ఒక్కసారైనా పరాయి దేశపు రేవును తాకాలి. అందుకని సియాటెల్ నుంచి వెళ్లే ఓడలు చాలా వరకు తిరుగు ప్రయాణంలో కెనడాలోని విక్టోరియా రేవులో కొన్ని గంటలు ఆగుతాయి, అది కూడా తరచు సాయంత్రం పొద్దుపోయాక. చాలామంది అక్కడ దిగను కూడా దిగరట. కరోనా కాలంలో కెనడా తన రేవులను క్రూజ్ ఓడలకు మూసివేసినప్పుడు 2021 మే నెలలో అమెరికా తాత్కాలికంగా ప్రత్యేక చట్టం చేస్తే తప్ప ఆ ఎండాకాలం ఈ ఓడలు కదలలేదంటే, ఆ కొన్ని గంటల మజిలీకి ఎంత విలువ ఉందో అర్థమవుతుంది. మనం దిగుతామా లేదా అన్నది లెక్కలోకి రాదు. భారత పౌరుడికి కెనడా వీసా ఉండవలసిందే. అమెరికా వీసా దానికి బదులు కాదు. న్యూయార్క్, బోస్టన్‌ల నుంచి ఉత్తరానికి వెళ్లి కెనడాలోని హాలిఫాక్స్ వంటి రేవుల్లో ఆగే ఓడలకూ ఇదే వర్తిస్తుంది.

ఇందులో పిల్లలు పొరపడే చోటు ఒకటి ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి కెనడా వీసా అవసరం లేదు, పౌరులకు ఎటూ లేదు. తమకు అవసరం లేనిది తల్లిదండ్రులకు అవసరమవుతుందన్న ఆలోచనే వారికి రాదు. ఇంకా హెచ్1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్న పిల్లలకైతే తమకే కావాలి. కెనడా వీసా దరఖాస్తుకు మనిషికి వంద కెనడా డాలర్లు, వేలిముద్రలకు ఎనభై ఐదు, ఆ పైన పాస్‌పోర్టు పంపించి ముద్ర వేయించుకోవాలి. సెలవులు అయిపోయేలోగా అది తెమలదని మేము అలాస్కా ఆశ వదులుకున్నాం.

ఆగస్టులో మా అబ్బాయి పట్టుబట్టి లాస్ ఏంజెలెస్ వైపు తీసుకుపోయాడు. అక్కడి నుంచి నాలుగు రోజుల ఓడ, ముందు కాటలీనా దీవి, తరువాత మెక్సికోలోని ఎన్సెనాడా. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే భారతీయులకు మెక్సికో వీసా అక్కరలేదు కాబట్టి ఈసారి కౌంటర్‌లో మా పని కూడా నిమిషంలోనే అయింది. అయినా కాగితాలన్నీ ముందు రాత్రి నేను రెండుసార్లు సరిచూశాను.

ఓడ అనగానే మా ఇంటావిడకు భయం. దానికి కారణం లేకపోలేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు వెళ్లిన లాంచీ గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగినప్పుడు, కాజీపేట పక్కనున్న కడిపికొండ నుంచి వెళ్లినవారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వారం రోజులు ఈ ప్రాంతంలో ఎవరికీ సరిగా అన్నం సయించలేదు. అందుకే ఓడలో మొదటి గంటలో జరిగిన సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. గదిలో సామాను పెట్టుకోక ముందే ప్రతి ఒక్కరూ ప్రమాదం వస్తే తాము చేరవలసిన చోటికి స్వయంగా వెళ్లి హాజరు వేయించుకోవాలి. ఒక యువకుడు లైఫ్ జాకెట్ తొడుక్కుని, నడుము పట్టీ ఎంత బిగించాలో చూపించి, మా ఇంటావిడ చీర మీద కూడా అది ఎలా కట్టుకోవాలో ఆమెకు విడిగా చూపించాడు. మనవడి చేతికి వాడు చేరవలసిన చోటు అక్షరం ముద్రించిన పట్టీ కట్టారు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కంకార్డియా అనే ఓడ ఒరిగిపోయి ముప్పై ఇద్దరు మరణించారు. అప్పటికి ఆ రోజు ఎక్కినవారికి ఈ అభ్యాసం ఇంకా జరగలేదు. ఆ తరువాతనే ఓడ కదలక ముందు గాని, కదిలిన వెంటనే గాని ఇది జరిపి తీరాలని అంతర్జాతీయ నిబంధన మార్చారు. ఈ అభ్యాసం చూశాక ఆవిడ కొంత కుదుటపడింది.

కాటలీనా దగ్గర పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. సముద్రం మీదే ఆగితే చిన్న పడవల్లో దిగి వెళ్లాలి. ఓడ అంచుకూ పడవ అంచుకూ మధ్య నీళ్లు ఎగిసిపడుతుంటాయి, పడవ మూరెడు పైకి లేచి మూరెడు కిందికి దిగుతుంటుంది. ఇద్దరు సిబ్బంది రెండు వైపులా మోచేతుల కింద పట్టుకుని, పడవ పైకి వచ్చిన క్షణం చూసి అడుగు వేయమంటారు. మా ఇంటావిడ కొంగు నడుముకు చెక్కి, "భద్రకాళీ" అని గట్టిగా ఒక కేక వేసి అడుగు వేసింది. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు ఇటువంటి మజిలీ ఉన్నదా లేదా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి.

క్రూజ్ అంటే డబ్బు తగలేయడమేనని మా బండ్ మీద కొందరి అభిప్రాయం. నేను పూర్తిగా కాదనను. తిండి దుబారా చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కాని ఒక మాట చెప్పాలి. ఆ ఓడలో ఇంటర్నెట్‌కు విడిగా డబ్బు కట్టాలి, మా అబ్బాయి కట్టలేదు. ఫోను పెట్టెలో పెట్టేశాడు. మేము అక్కడ ఉన్న ఐదున్నర నెలల్లో వాడు మాతో కూర్చుని మూడు పూటలా అన్నం తిన్నది ఆ నాలుగు రోజులే. పై అంతస్తులో రాత్రి గాలికి కూర్చుని, చిన్నప్పుడు పాకాల చెరువు కట్ట మీద తాను తప్పిపోయిన సంగతి వాడే మనవడికి చెప్పాడు. అది వాడికి గుర్తున్నదని నాకు అప్పటిదాకా తెలియదు.

శాకాహారులు ముందు రోజే భోజనశాలలో చెప్పి పెట్టుకుంటే పప్పు, కూర చేసి పెడతారు, చెప్పకపోతే ఉడికిన కూరగాయలే గతి. బీపీ, షుగర్ మాత్రలను, పాస్‌పోర్టును కూలీలకు ఇచ్చే సూట్‌కేసులో పెట్టవద్దు, అది గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. ఓడలో డాక్టర్ ఉంటాడు గాని ఉచితం కాదు, చూసినందుకు గది లెక్కలో రాస్తారు. అందువల్ల అమెరికా కోసం తీసుకున్న ఆరోగ్య బీమా ఓడ మీద చెల్లుతుందా అన్నది రాతపూర్వకంగా అడగాలి.

ఇక మన బంధువర్గాల్లో ఒక అపోహ ఉంది. ఓడలో మెక్సికో పోయి వస్తే అమెరికాలో ఉండడానికి మళ్లీ కొత్తగా ఆరు నెలలు ఇస్తారని దూరపు బంధువు ఒకరు మాకు గట్టిగా చెప్పారు. మేము తిరిగి వచ్చాక, అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే ఐ-94 పత్రం తెరిచి చూస్తే మొదట ఇచ్చిన గడువు తేదీ అలాగే ఉంది. పొరుగు దేశాలకు కొద్ది రోజులు వెళ్లి వస్తే గడువు పెరుగుతుందని లెక్క వేసుకుని తిరుగు టికెట్ వెనక్కి జరుపుకోవద్దు. అలాగే వీసా కాగితం మీద ఎన్నిసార్లు ప్రవేశించవచ్చో రాసే చోట ఎం (ఎన్నిసార్లైనా రావచ్చని) అనే అక్షరం ఉందో లేదో చూసుకోవాలి. ఒక్కసారికే ఇచ్చిన వీసా అయితే ఓడ ఎక్కి దేశం దాటే ముందు తిరిగి రానిస్తారా లేదా అన్నది అడిగి తెలుసుకోవాలి. కరీబియన్ దీవులకైతే ఒక్కో దీవిది ఒక్కో పద్ధతి, ఓడ ఆగే ప్రతి రేవుకూ భారత పాస్‌పోర్టు పేరు చెప్పి విడివిడిగా అడగాలి.

హనుమకొండలో, వరంగల్లులో అమెరికా వీసా దరఖాస్తులు నింపి, విమాన టికెట్లు, బీమా అమ్మే ఏజెంట్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఓడ ఎక్కే ఆలోచన ఉందా అని వారు బయలుదేరే ముందే అడిగితే, కెనడా వీసాకు ఇక్కడి నుంచే దరఖాస్తు చేసుకునే వ్యవధి దొరుకుతుంది. మీ పత్రికలో ప్రవాసుల కోసం కేటాయించే పేజీలో ఎండాకాలానికి ముందు ఈ వివరాలను ఒక్కసారి ప్రచురించగలరని మనవి.

ఈ ఏడు మళ్లీ మేము వెళ్తున్నాం. పోయిన నెల హైదరాబాద్ పోయి కెనడా వీసాకు వేలిముద్రలు ఇచ్చి వచ్చాం. పాస్‌పోర్టులు ఇంకా రాలేదు. అవి వచ్చేదాకా ఓడ టికెట్ కొనవద్దని అబ్బాయికి చెప్పి ఉంచాను.

ఇట్లు
ఒక విశ్రాంత ఖజానా ఉద్యోగి,
హనుమకొండ