బావా, జిల్లాలు మార్చే ముందు ఇది చదువు

బావా,

నీ మెసేజ్ చూశాను. మీ యాప్‌లో రైతుల రికార్డులన్నిట్లో ఇంకా పాత జిల్లాలే ఉన్నాయనీ, వాటిని మార్చే పని నీకు అప్పగించారనీ రాశావు. ఫోన్‌లో తేలే విషయం కాదిది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మేం ఇక్కడ భీమవరంలో సరిగ్గా ఇదే పని చేశాం, అదీ మాంగోడీబీ డేటాబేస్‌లోనే. అత్తయ్య మోకాలు ఎలా ఉందో కూడా రాయి, అమ్మ రోజూ అడుగుతోంది.

నువ్వు అడిగింది ఒక్కటే: "అప్‌డేట్‌మెనీ కొట్టేస్తే అయిపోతుంది కదా?" షరతుకి సరిపోయిన రికార్డులన్నిటినీ ఒకేసారి మార్చే కమాండ్ అది, కొట్టడం నిమిషం పని. ఏ రికార్డుకి తగలాలి, దేనికి తగలకూడదు అన్నది తేల్చడానికే టైమంతా పడుతుంది. ఆ ఎంపిక షరతునే ఫిల్టర్ అంటాం. ముందు అసలు ఏం మారిందో చూడు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. తూర్పు గోదావరిలోంచి కాకినాడ, కోనసీమ విడిపోయాయి, ఏజెన్సీ భాగం అల్లూరి జిల్లాకి పోయింది. పశ్చిమలోంచి ఏలూరు విడిపోయింది, మన పశ్చిమకి భీమవరం కేంద్రమైంది. ఇంతవరకూ తేలికే. కానీ కొవ్వూరు, నిడదవోలు, పెరవలి, ఉండ్రాజవరం నిన్నటిదాకా పశ్చిమ, ఇప్పుడు తూర్పు! అంటే "తూర్పు గోదావరి" అనే పేరు పాత డేటాలో ఒక అర్థంతో, కొత్త డేటాలో ఇంకో అర్థంతో ఉంటుంది. జిల్లా పేరు చూసి జిల్లా పేరు మార్చావనుకో, సగం పని అయ్యాక కరెంటు పోతే ఏ తూర్పు పాతదో, ఏ తూర్పు కొత్తదో దేవుడికి కూడా తెలియదు.

అందుకని పాత జిల్లా ఉన్న ఫీల్డు (రికార్డులో ఒక్కో వివరం ఉండే గడి) జోలికే వెళ్లకు. ప్రతి రికార్డులో "కొత్త జిల్లా" అని ఇంకో ఫీల్డు పెట్టు. ఫిల్టర్‌లో మండలం, పాత జిల్లా, వాటితో పాటు "కొత్త జిల్లా ఇంకా లేనివి" అన్న షరతు, మూడూ ఉండాలి. అప్పుడు మధ్యలో ఆగినా మళ్లీ అదే కమాండ్ నడిపితే మిగిలినవాటికే తగులుతుంది, అయిపోయినవాటిని ముట్టుకోదు. మొత్తం సరిచూసుకున్నాకే పాతదాన్ని తీసేసి కొత్తదాని పేరు మార్చుకో. ఈ ఒక్కటీ పాటించావంటే మిగతా టెన్షన్ చాలావరకు పోతుంది.

పాత జిల్లా కూడా ఫిల్టర్‌లో ఎందుకంటావా? గన్నవరం అని వెతికితే కోనసీమలో పి.గన్నవరం ఉంది, కృష్ణా జిల్లాలో విమానాశ్రయం ఉన్న గన్నవరం ఉంది. పోలవరం అంటే ప్రాజెక్టు దగ్గరి పోలవరం, ఇటు ఐ.పోలవరం. రెజెక్స్‌తో, అంటే పేరులో కొంత భాగం కలిసినా పట్టే వెతుకులాటతో, "పోలవరం ఉన్నవన్నీ" అని రాస్తే రెండూ వచ్చేస్తాయి. రెజెక్స్ వాడకు, అచ్చంగా ఆ పేరే ఉన్నవాటిని పట్టు. అలా పట్టాలంటే పేర్లు ముందే శుభ్రంగా ఉండాలి కాబట్టి, మొట్టమొదట మండలం ఫీల్డు మీద డిస్టింక్ట్ (ఉన్న పేర్లన్నీ ఒక్కోసారే చూపించే కమాండ్) నడిపి ఆ జాబితా ప్రింటు తీసుకో. మాకొచ్చిన జాబితాలో రాజోలు ఒక చోట ఇంగ్లీషు జెడ్‌తో, ఒక చోట జే తో, ఇంకో చోట చివర ఖాళీ స్పేస్‌తో ఉంది. ఆ స్పేస్ కంటికి కనబడదు, డేటాబేస్‌కి మాత్రం అది వేరే ఊరే. మీ దగ్గర మండలం కోడ్ ఉంటే, అది కొన్నిట్లో అంకెగా, కొన్నిట్లో అక్షరాలుగా దాచారేమో కూడా చూడు. అంకె కోసం వెతికితే అక్షరాలుగా ఉన్నది దొరకదు, ఎర్రరూ రాదు, ఊరికే సున్నా అంటుంది.

ఆ సున్నాని బాగా చూడు బావా. అప్‌డేట్‌మెనీ నడిపాక రెండు లెక్కలు ఇస్తుంది: ఎన్ని దొరికాయి, ఎన్ని మారాయి. అందుకే ముందు అదే ఫిల్టర్‌తో కౌంట్ తీసి కాగితం మీద రాసి పెట్టుకో. దొరికినవి దానితో సరిపోవాలి. "కొత్త జిల్లా ఇంకా లేనివి" అన్న షరతు లేని అప్‌డేట్‌లో మారినవి తక్కువ వస్తే కంగారుపడకు, వాటిలో అదే విలువ ముందే ఉందన్నమాట. దొరికినవే సున్నా అయితే మాత్రం స్పెల్లింగ్ దగ్గరికి వెళ్లు.

ఇక అసలు చిక్కు ఆక్వా చెరువుల దగ్గర. మీ రికార్డుల్లో కూడా రైతు రికార్డు లోపలే ఆయన చెరువుల జాబితా ఉంటుందనుకుంటా. మా రైతు ఒకాయనది ఇల్లు పాలకొల్లు, చెరువులు మూడు. రెండు ఇంటి దగ్గరే, మూడోది చించినాడ వంతెన దాటాక దిండి వైపు, మలికిపురం మండలంలో లీజుకి తీసుకున్నది. అంటే ఆయన జిల్లా పశ్చిమ, ఆ ఒక్క చెరువు జిల్లా కోనసీమ. "చెరువుల్లో మలికిపురం ఉన్న రైతులు" అని ఫిల్టర్ రాస్తే ఆయన రికార్డు దొరుకుతుంది, న్యాయంగానే. కానీ రైతు జిల్లా మీద డాలర్ సెట్ (ఫీల్డు విలువ మార్చమనే ఆదేశం) పెట్టావా, ఆయన్ని ఇంటితో సహా గోదారి దాటించినట్టే. చెరువుల జాబితాలో కూడా జాగ్రత్త: డాలర్ గుర్తు ఒక్కటే పెడితే సరిపోలిన మొదటి చెరువే మారుతుంది, డాలర్‌తో ఖాళీ బ్రాకెట్లు పెడితే మూడూ మారిపోతాయి. మనకి కావాల్సింది అరేఫిల్టర్స్. డాలర్ బ్రాకెట్లలో ఒక పేరు పెట్టి, "ఆ పేరుగలదాని మండలం మలికిపురం అయితేనే" అని విడిగా షరతు రాస్తావు. 3.6 వెర్షన్ నుంచి ఉంది. నాకు మాంగోలో బాగా నచ్చిన వాటిలో ఇదొకటి. రైతు సొంత జిల్లాకి ఒక అప్‌డేట్, చెరువుల జిల్లాకి ఇంకోటి, రెండిటినీ కలపకు.

నువ్వు ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ల నుంచి వచ్చావు కాబట్టి ఇంకోటి చెప్పాలి. అక్కడ ఒక అప్‌డేట్ అంటే మొత్తం జరుగుతుంది, లేదా అసలు జరగదు. మాంగోలో ఒక్కో డాక్యుమెంట్‌కే, అంటే ఒక్కో రికార్డుకే, ఆ హామీ. కాలువకి నీళ్లు వదిలినట్టు ఉంటుంది, తల దగ్గరి పొలం తడిసిపోయినా శివారు పొలానికి ఇంకా చుక్క అందకపోవచ్చు. ఆ మధ్యలో ఎవరైనా రిపోర్టు తీస్తే సగం పాతది, సగం కొత్తది కనిపిస్తుంది. అన్ని మార్పులూ కలిపి జరిగేలా, లేదా ఏదీ జరగకుండా చూసే ట్రాన్సాక్షన్ ఉంది కదా అంటావేమో, 4.0 నుంచి ఉంది నిజమే, కానీ దానికి మామూలుగా 60 సెకన్లే గడువు. రైతులందరి రికార్డులూ దానిలో ఇరికించొద్దు. మళ్లీ నడిపినా తేడా రాని కమాండ్ ట్రాన్సాక్షన్ కంటే నమ్మకమైనదని నేను గట్టిగా అంటాను.

మండలాలన్నిటికీ ఒక్కో కమాండ్ చేత్తో కొట్టనక్కర్లేదు. మండలం, పాత జిల్లా, కొత్త జిల్లా అని మూడు కాలమ్స్‌తో షీట్ తయారుచేసి, దాన్ని చదివి, చాలా కమాండ్లని ఒకేసారి పంపే బల్క్‌రైట్‌కి ఇవ్వు. ఆర్డర్డ్ అన్నది ఫాల్స్ పెట్టు, లేకపోతే ఒకదాని దగ్గర ఎర్రర్ వస్తే తర్వాతవన్నీ అక్కడే ఆగిపోతాయి. మండలం మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వాడే సూచిక) లేకపోతే ముందు వేసుకో. పాత కోడ్‌లో ఎక్కడైనా ఉత్త "అప్‌డేట్" కనిపిస్తే వాడకు. అది మామూలుగా ఒక్క రికార్డునే మారుస్తుంది, డాలర్ సెట్ మర్చిపోతే ఆ రికార్డు మొత్తాన్నీ చెరిపి నువ్వు ఇచ్చింది పెట్టేస్తుంది. అప్‌డేట్‌మెనీ అయితే ఆ తప్పు చేయనివ్వదు, ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. బ్యాకప్ సంగతి నీకు చెప్పక్కర్లేదు.

టైమ్ మాత్రం చూసుకో. మా రైతులు పొద్దున్నే చెక్ ట్రేలు (మేత ఎంత మిగిలిందో చూసే పళ్లాలు) చూసి మేత లెక్క ఎక్కిస్తారు, ఆ వేళ సర్వర్ బరువెక్కితే వాళ్లకి ఇబ్బంది. మేం మధ్యాహ్నం మేతల మధ్య ఖాళీలో నడిపాం. ఒక్కో డాక్యుమెంట్ మార్పూ రెప్లికాలకి (డేటాబేస్ నకళ్లు ఉండే సర్వర్లకి) విడివిడిగా వెళ్తుంది, అందుకే అవి వెనకబడుతున్నాయేమో చూస్తూ కొంచెం కొంచెంగా వదిలాం.

కోనసీమ పేరు కూడా అదే ఏడాది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అయింది కదా. పేరుని ప్రతి రికార్డులో రాసుకుంటే పేరు మారిన ప్రతిసారీ ఇదే జాతర. చదవడానికి వేగంగా ఉంటుందని అలా పెడతారు, నిజమే, కానీ ఈసారి కొత్త ఫీల్డులో పేరు బదులు జిల్లా కోడ్ పెట్టమని మీ వాళ్లకి చెప్పు. పేర్లు విడిగా చిన్న కలెక్షన్‌లో (పట్టిక లాంటిది) ఉంటే చాలు. మేం అలాగే చేశాం.

రేపు ఆ డిస్టింక్ట్ నడిపి జాబితా నాకు వాట్సాప్‌లో పంపు. మండలాల స్పెల్లింగులు నేను చూసి పెడతాను, అటువైపు ఊళ్లు నీకు కొత్త కదా. నేను సరే అనేదాకా టెస్ట్ డేటాబేస్ మీదే నడుపు.

ఉంటాను బావా.