మత్తు చార్టును రోగి చేతికివ్వాలి

సంపాదకులు గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో ఆపరేషన్ థియేటర్ల గురించి వచ్చిన వార్త చదివాను. కొత్త బల్లలు, దీపాలు, ఏసీల గురించి అంత వివరంగా రాసిన ఆ వార్తలో, మత్తిచ్చిన తర్వాత రోగి గుండె లయను ఎవరు కనిపెట్టి ఉంటారో, ఎంతసేపటికొకసారి రాసిపెడతారో ఒక్క వాక్యమైనా లేకపోవడం నన్ను బాధించింది.

నిరుడు వానాకాలంలో మన జిల్లాలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నా భార్యకు గర్భసంచి తీశారు. ఆమెకు పద్నాలుగేళ్లుగా షుగరు ఉంది. నడుముకు మత్తు సూది వేసిన కాసేపటికే లోపల హడావుడి వినిపించింది. ఆ తర్వాత బయటికి వచ్చిన సిస్టరమ్మ, "అమ్మకు నాడి ముప్పై ఎనిమిదికి పడిపోయింది సార్, అట్రోపిన్ ఇచ్చినంక లేచింది, ఇప్పుడు మంచిగనే ఉంది" అని చెప్పింది. ఆ అమ్మాయి మేలు మరువను. నెల తర్వాత రికార్డులు అడిగి తీసుకుంటే, మత్తులో ఉన్నంతసేపూ నాడి, బీపీ రాసిపెట్టాల్సిన మత్తు చార్టులో మొదటి గడి నుంచి చివరి గడి దాకా నాడి 80, బీపీ 120/80 అని ఒకే పెన్నుతో, ఒకే ఒరవడిలో నింపి ఉంది. అట్రోపిన్ పేరు ఎక్కడా లేదు. గంటన్నర సేపు ఏ మనిషి నాడీ అలా కదలకుండా ఉండదు.

ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పినవాణ్ని. గుండె వేగాన్ని, రక్తనాళాల బిగువును మన ప్రమేయం లేకుండా నడిపేది స్వయంచోదిత నాడీవ్యవస్థ. నడుముకిచ్చే మత్తు నొప్పి తెలిపే నరాలతో పాటు, రక్తనాళాలను బిగించి ఉంచే సహానుభూత నరాలనూ అడ్డుకుంటుంది కనుక రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది. మత్తు ఛాతీ పైభాగం దాకా ఎక్కితే గుండెను వేగపరిచే నరాలూ పనిచేయక నాడి నెమ్మదిస్తుంది. ఏళ్ల తరబడి షుగరున్నవారిలో ఈ నరాలు ముందే దెబ్బతిని ఉండవచ్చు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసి, పై అంకె 20 తగ్గితే అనుమానించవచ్చు. ఈసీజీ పెట్టి నిమిషానికి 6 సార్లు గాఢంగా ఊపిరి పీల్పిస్తే, శ్వాసతో పాటు గుండె వేగం మారాల్సినంత మారుతోందో లేదో తెలుస్తుంది. పైసా ఖర్చులేని ఆ బీపీ పరీక్ష కూడా నా భార్యకు ఎవరూ చేయలేదు.

వేలికి పెట్టే క్లిప్పు ఆక్సిజన్‌ను, నాడి వేగాన్ని చూపుతుంది గాని, లయ ఏ విధంగా తప్పిందో చూపేది ఈసీజీయే. మత్తు ఉన్నంతసేపూ ఈసీజీ నడవాలని, కనీసం 5 నిమిషాలకొకసారి బీపీ, నాడి చూడాలని అమెరికా మత్తు వైద్యుల సంఘం 1986లోనే ప్రమాణం పెట్టుకుంది. అంతకు చాలా ముందు, 1888, 1889లలో నాటి మత్తుమందు క్లోరోఫాం ప్రాణం ఎలా తీస్తుందో తేల్చడానికి నిజాం ఖర్చుతో మన హైదరాబాదులోనే క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. మత్తులో ముందు ఆగేది శ్వాసేనని, చూడాల్సింది నాడిని కాదని ఇక్కడి సర్జన్ ఎడ్వర్డ్ లారీ గట్టిగా వాదించారు. కానీ తేలికపాటి క్లోరోఫాం మత్తులోనే గుండె లయ తప్పి ఒక్కసారిగా ప్రాణం పోగలదని 1911లో బ్రిటిష్ వైద్యుడు లెవీ పిల్లుల మీద నిరూపించారు. ఇంత చరిత్ర ఉన్న నేల మీద చూడకుండానే గడులు నింపడం సిగ్గుచేటు.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2016లో అక్కడ, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వీటన్నింటికీ సంతోషమే. కానీ తనిఖీకి వచ్చే అధికారులు పదిమంది రోగుల మత్తు చార్టులు తెరిచి చూస్తే చాలు, ఎక్కడ నాడి చూశారో, ఎక్కడ చూడలేదో తేలిపోతుంది. నేనిచ్చిన రెండు అర్జీలకు రసీదు తప్ప జవాబు రాలేదు.

రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలని వైద్య మండలి 2002 నిబంధనల్లోనే ఉంది. ఊళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? అడగకముందే, డిశ్చార్జి కాగితంతో పాటు మత్తు చార్టునూ ఇచ్చి పంపేలా ఆదేశాలు రావాలి.

వచ్చే నెల నా భార్యకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్. పోయినసారి మత్తు ఎలా పడిందని కొత్త మత్తు డాక్టరు తప్పకుండా అడుగుతారు. ఆయనకు చూపించడానికి నా దగ్గరున్నది నాడి 80 అని రాసిన ఆ కాగితం, దాని అంచున సిస్టరమ్మ మాటలు నేను చేత్తో రాసుకున్న రెండు వరుసలు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా