వార్షిక నివేదిక 2024–25: నెలలు నిండకుండా పుట్టి దూరమైన మన పిల్లల కోసం

సభ్యులందరికీ నమస్కారం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన సంఘం చేసిన పనులు, చెయ్యలేకపోయినవి రాస్తున్నాను. కిందటేడు నివేదికలో లెక్కలు ఎక్కువ, మనుషులు తక్కువ అని కొందరన్నారు. నిజమే. ఈసారి లెక్కలు చివర్లో నాలుగు ముక్కల్లో సరిపెట్టాను.

ఏడాదిలో 10 సమావేశాలు జరిగాయి. మేలో ఎండలకి ఒకటి, సెప్టెంబరులో వరదకి ఒకటి ఆగిపోయాయి. కొత్తగా 14 కుటుంబాలు వచ్చాయి. వాళ్ళలో బిడ్డ రెండు గంటలే బతికినవాళ్ళున్నారు, నలభై రోజులు ఎన్ఐసీయూ (పసికందుల ఐసీయూ) బయట బెంచీ మీద గడిపినవాళ్ళూ ఉన్నారు. ఎన్ని గంటలు బతికాడన్న దాన్నిబట్టి ఎంత ఏడవాలో చుట్టాలు ఎలాగూ లెక్క కడతారు. మన గదిలో ఆ లెక్క వద్దని మొదటిరోజే చెబుతున్నాం.

సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్ళు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు మన సభ్యులవి మూడు ఇళ్ళు మునిగాయి. ఒక ఇంట్లో బీరువా కింది అరలో బిస్కెట్ డబ్బా ఉండేది. పాప టోపీ, చేతికి కట్టిన ట్యాగు, నర్సు ఇంకు పూసి కాగితం మీద తీసిచ్చిన పాదాల ముద్ర, అంతే అందులో ఉన్నవి. నీళ్ళు తీశాక టోపీ ఉతికితే బాగానే వచ్చింది. ట్యాగు ప్లాస్టిక్ కాబట్టి నిలిచింది. పాదాల ముద్ర మాత్రం నీలం మరకైపోయింది. "ఫ్రిజ్ పోయింది, మంచం పోయింది, అవన్నీ వచ్చి రాసుకెళ్ళారు. ఇది ఏ లెక్కలో రాయించను అక్కా?" అని ఆ తల్లి అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

అక్టోబరులో ఒక సభ్యుడు తన ఆఫీసు నుంచి స్కానర్ తెచ్చాడు. అందరి దగ్గరున్న ఫొటోలు, ముద్రలు, డిశ్చార్జ్ కాగితాలు ఆరోజే స్కాన్ చేసి ఎవరివి వాళ్ళకి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాం. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నన్నడిగితే ఇదే ముఖ్యమైనది. వరద వస్తేగానీ ఆ ఆలోచన రాకపోవడం మన తప్పు.

చాలామంది దగ్గర స్కాన్ చెయ్యడానికి కూడా ఏమీ లేదు. మన వైపు పసిబిడ్డను దహనం చెయ్యరు, పూడుస్తారు. తండ్రి, ఇంకో పెద్దాయన గుడ్డలో చుట్టుకుని తీసుకెళ్తారు, తల్లి ఆసుపత్రి మంచం మీదే ఉంటుంది. ఎక్కడ పెట్టారో ఆమె అడగకూడదు, వీళ్ళు చెప్పరు. జనవరి సమావేశానికి ఒకామె మందుల షాపు బిల్లు తెచ్చింది. దాని వెనక వాళ్ళాయన బాల్‌పెన్నుతో శ్మశానం పటం గీశాడు: గేటు, చేతిపంపు, వేపచెట్టు, చెట్టుకి ప్రహరీ వైపు నాలుగు అడుగుల దూరంలో ఒక చుక్క. రెండేళ్ళు పర్సులో దాచుకుని ఈ సంక్రాంతికి ఇచ్చాడట. ఆయన సమావేశాలకి వస్తాడు, వెనక వరుసలో కూర్చుంటాడు, ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. మగవాళ్ళ కోసం విడిగా కూర్చోవడం రెండుసార్లు పెట్టాం. మొదటిసారి క్రికెట్ గురించే మాట్లాడుకున్నారు. రెండోసారీ క్రికెట్టే, కానీ ఎవరూ తొందరగా లేవలేదు.

కాగితాల విషయంలో 9 కుటుంబాలకి సాయం చేశాం. మళ్ళీ చెబుతున్నాను: బిడ్డ ప్రాణంతో పుట్టి ఆ తర్వాత పోతే, పది నిమిషాలే బతికినా సరే, జననం, మరణం రెండూ నమోదు కావాలి. 1969 నాటి జనన మరణాల చట్టం ప్రకారం గడువు 21 రోజులు. ఆసుపత్రిలో పుడితే సమాచారం ఆసుపత్రే పంపాలి. పేరు లేకుండా నమోదైన జననానికి తర్వాత పేరు చేర్పించుకోవచ్చు, 12 నెలల లోపైతే రుసుము ఉండదు. "ఎందుకమ్మా ఆ కాగితాలు, చూసుకుని ఏడవడానికా?" అంటారు పెద్దవాళ్ళు. ఏడవడానికే. సెలవుకి కూడా పనికొస్తాయి. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు, బిడ్డ పుట్టిన 28 రోజుల లోపు చనిపోతే 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవు ఇవ్వాలని 2022 సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. షరతులున్నాయి, అడిగితే వివరంగా చెబుతాం. ప్రైవేటులో పనిచేసే మన సభ్యురాలు ఒకామెను రెండో వారమే "ఇంట్లో బిడ్డ లేదు కదా, ఎప్పుడొస్తారు?" అని అడిగారట.

పాల సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. బిడ్డ పోయినా రెండు మూడు రోజుల్లో పాలు పడతాయి, రొమ్ములు రాయిలా గట్టిపడి జ్వరం వస్తుంది. ఆగడానికి మాత్రలున్నాయి, డాక్టర్ని అడిగే వాడాలి. రొమ్ములకి మల్లెపూలు కట్టమనే నాటు పద్ధతి ఉత్త నమ్మకం కాదు. వెల్లూరు డాక్టర్లు పరీక్షించి 1988లో ఫలితం ప్రచురించారు, పాలు తగ్గాయనే రాశారు. కానీ అలా కట్టించుకున్న మన సభ్యురాలు ఆ తర్వాత మల్లెపూలు తలలో పెట్టుకోలేదు, పెళ్ళికి వెళ్ళినా కనకాంబరాలే. ఇంకొకామె తన పాలు వేరే పిల్లలకి ఇవ్వాలనుకుంది. పాల బ్యాంకుల గురించి అడిగితే వివరాలు చెప్పగలిగాం.

నవంబరు 17, నెలలు నిండని పిల్లల కోసం ప్రపంచమంతా జరిపే రోజు. కార్తీక మాసం ఆదివారం కావడంతో సగం ఊరు వనభోజనాల్లో ఉంది, మన గదిలో 11 మందే. వచ్చిన పిల్లల డాక్టరు గారు రెండు గంటలు ఓపిగ్గా కూర్చున్నారు. ప్రశ్నలన్నీ ఒకటే. బొప్పాయి తిన్నందుకా? స్కూటీ ఎక్కినందుకా? మెట్లు దిగినందుకా? బీపీ, ఇన్ఫెక్షన్, కవలలు, గర్భసంచి ముఖద్వారం పొట్టిగా ఉండడం లాంటి కారణాలు ఉంటాయని, చాలా కాన్పుల్లో కారణమే దొరకదని ఆవిడ చెప్పారు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అన్న మాట తప్పు. కడుపులో గడిచే ప్రతి వారమూ ఊపిరితిత్తులకి బలమే. ఆ మాట విన్నాక ఒకామె డైరీ తీసి రాసుకుంది. ఎనిమిదో నెలలో పోయిన బిడ్డ తల్లి ఆమె. ఆ నమ్మకాన్నే పట్టుకుని "ఎలాగూ దక్కేది కాదు" అని మనసుకి సర్దిచెప్పుకుందట. ఆ ఊరట మనం లాగేసుకున్నామా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

5 ఆసుపత్రులకి వెళ్ళి, బిడ్డ పోయినప్పుడు తల్లిదండ్రుల చేతికి ఇచ్చి కాసేపు కూర్చోనివ్వమని, ఒక ఇంకు ప్యాడ్ ఉంచమని అడిగాం. 2 ఒప్పుకున్నాయి. ఒకచోట "చూస్తే తల్లి భయపడుతుంది" అన్నారు. నా బిడ్డ 27 వారాలకి పుట్టి అయిదు రోజులున్నాడు, నన్ను చూడనివ్వలేదు. పద్దెనిమిదేళ్ళుగా నేను భయపడుతున్నది చూడకపోవడం వల్లే అని అక్కడే చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పినట్టున్నాను, మళ్ళీ రమ్మనలేదు.

తేలనిది ఒకటి ఉంది. మళ్ళీ నెల తప్పినవాళ్ళు మామూలు సమావేశాలకి రావచ్చా? కొత్తగా బిడ్డను పోగొట్టుకున్నవాళ్ళకి ఆ కడుపు చూడడం కష్టం. అలాగని, టెన్షన్‌తో నిద్రలేని ఆ తల్లిని బయటికి పొమ్మనలేం. ప్రస్తుతానికి విడిగా శనివారం సాయంత్రం కలుస్తున్నారు. సర్వసభ్య సమావేశంలో మాట్లాడదాం.

జమాఖర్చులు: చందాలు 31,500 రూపాయలు. గది అద్దె, టీ, జిరాక్సులు, పెన్‌డ్రైవ్‌లు, ఇంకు ప్యాడ్లు కలిపి ఖర్చు 27,840. మిగిలింది 3,660. బిల్లులు కోశాధికారి దగ్గర చూడవచ్చు.

వచ్చే సమావేశం ఎప్పటిలాగే నెలలో రెండో ఆదివారం, ఉదయం 10 గంటలకి, మేడ మీద గదిలో. లిఫ్ట్ లేదు. ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు ఉంటే ముందుగా ఒక ఫోన్ చెయ్యండి, కుర్చీలు కిందికి దింపిస్తాం.

కార్యదర్శి