మా పీహెచ్‌సీ సిస్టర్‌కు, ఆశా అక్కకు కృతజ్ఞతలు

మా మండలం పీహెచ్‌సీలో పనిచేసే స్టాఫ్ నర్సు గారికి, నన్ను వెంటబెట్టుకుని అక్కడికి తీసుకెళ్లిన మా ఆశా అక్కకి అందరి ముందు కృతజ్ఞతలు చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను.

పోయినేడాది నాకు మూడో నెల నిండకుండానే గర్భం పోయింది. మళ్లీ నెల తప్పాక సంతోషం కంటే టెన్షనే ఎక్కువైంది. మూడు నెలలు దాటేదాకా బయటికి చెప్పొద్దని ఇంట్లో అనుకున్నాం. 12 వారాల్లోపే పేరు రాయించుకుంటే మంచిదని, ఊళ్లో ఎవరికీ చెప్పనని ఆశా అక్క ధైర్యం చెప్పి తీసుకెళ్లింది.

సిస్టర్ బరువు, బీపీ చూశారు. కింది కనురెప్ప లాగి రక్తం తక్కువుందేమో చూశారు. చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చిందో అడిగి, కాన్పు తేదీ సుమారుగా లెక్కకట్టారు. తర్వాత అత్తమ్మను కాసేపు బయట కూర్చోమని, తలుపు దగ్గరగా వేసి, పోయినసారి ఏం జరిగిందని అడిగారు. నీళ్ల బిందెలు మోసినందుకే అలా అయిందని అన్నాళ్లూ నాలో నేనే కుమిలిపోయాను. ఆ మాట మొదటిసారి ఆవిడకే చెప్పాను. సిస్టర్ పెన్ను పక్కన పెట్టేశారు. "అంత తొందరగా పోయేవి చాలావరకు పిండంలోనే లోపం ఉండి పోతాయమ్మా. బిందెలు మోసినందుకు కాదు. నీ తప్పేం లేదు" అన్నారు. బయట అంతమంది ఉన్నా, నేను ఏడుపు ఆపుకునేదాకా తొందరపెట్టలేదు. ఇంట్లో ఎవరైనా కొడతారా, కడుపునిండా తింటున్నావా అని కూడా మెల్లగా అడిగారు. నాకు ఆ కష్టం లేదు. ఉన్నవాళ్లకు అలా అడిగే మనిషి ఎంత అవసరమో!

రక్త పరీక్షలు ఒక్కోటీ ఎందుకో చెప్పారు. హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి లాంటివి ముందే తెలిస్తే బిడ్డకు సోకకుండా జాగ్రత్తపడొచ్చట. అప్పటికి ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. నాలుగో నెల నుంచి ఐరన్, కాల్షియం ఇస్తామని, ఆ రెండూ ఒకేసారి వేసుకోవద్దని, ఐరన్ మింగి టీ తాగొద్దని చెప్పారు. ఐరన్ బిళ్లలకు పిల్ల నల్లగా పుడుతుందంటారు కదా అని అత్తమ్మ అడిగితే విసుక్కోలేదు. "రంగు మీ రెండు వైపుల నుంచీ వస్తుందమ్మా. కాన్పులో రక్తం పోతే మీ కోడలు తట్టుకోవడానికే ఈ బిళ్లలు" అన్నారు. ఇప్పుడు రోజూ గుర్తుచేసి మరీ బిళ్ల చేతిలో పెట్టేది అత్తమ్మే.

చివర్లో మాతా శిశు రక్షణ కార్డు తెరిచి ప్రమాద లక్షణాలు చెప్పారు. రక్తం కనిపించడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం, చేతులు వాయడం, జ్వరం, ఉమ్మనీరు పోవడం. విని తలూపితే ఒప్పుకోలేదు, నన్నే తిరిగి చెప్పమన్నారు. జ్వరం మరిచిపోతే మళ్లీ మొదటి నుంచి చెప్పించారు.

తర్వాత ఒక రాత్రి కొద్దిగా రక్తం కనిపించింది. తెల్లారేదాకా ఆగుదామని ఎవరూ అనలేదు. అత్తమ్మే 108కి ఫోన్ చేయించింది. స్కానింగ్‌లో బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందని చెప్పారు.

ఇప్పుడు ఐదో నెల. ప్రతి నెలా 9న డాక్టరమ్మ దగ్గర చెకప్‌కి వెళ్తున్నాను. సిస్టర్, ఆశా అక్కా, మా ఇంటిల్లిపాది తరఫున మీ ఇద్దరికీ నమస్కారాలు.